పాకం రుచీ, నా కాలి వేలూ

బెజవాడ,
శనివారం సాయంత్రం

ప్రియమైన తమ్ముడు ఏసురత్నానికి నీ అన్నయ్య దేవసహాయం ప్రేమతో ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మాయి సుగుణా, అల్లుడుగారూ సుఖంగా ఉన్నాం. అక్కడ అమ్మ, నువ్వు, మరదలు, పిల్లలు ఎలా ఉన్నారో రాయి. అమ్మకు దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా?

ముందు శుభవార్త. నా కాలి వేలు నాకే ఉంది తమ్ముడూ! తీయలేదు! నిన్న ఆసుపత్రిలో డాక్టరుగారు కట్టు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, "పుండు మానిందయ్యా, ఇక కొయ్యక్కర్లేదు" అన్నారు. నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. సుగుణ నర్సు బట్టల్లో పక్కనే ఉంది. "ఊరుకో నాన్నా, అందరూ చూస్తున్నారు" అని నన్ను కోప్పడి, తనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇటువంటి బిడ్డను కన్నందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు.

జరిగింది వరసగా రాస్తాను. బెల్లం పొయ్యి దగ్గర కాలిన వేలు నల్లబడటం నువ్వు చూశావు కదా. నొప్పి లేదని నేను పట్టించుకోలేదు. ఆ నొప్పి లేకపోవడమే చెడ్డదట. ఒంట్లో షుగరు ఎక్కువై పాదానికి స్పర్శ పోయిందన్నారు. మాత్రలు వేసుకో, తిండి అదుపులో పెట్టుకో, నెల రోజులు చూద్దాం, మానకపోతే వేలు తీసేయాలి అన్నారు డాక్టరుగారు.

ఇక అమ్మాయి పెత్తనం మొదలైంది. పూటకు ఒక కప్పు కొలిచి అన్నం పెడుతుంది. దాని చుట్టూ బీరకాయ, తోటకూర, పప్పు, పల్చటి మజ్జిగ. మనింట్లో అన్నంలోకి కూర నంజుకుంటాం, ఇక్కడ కూరలోకి అన్నం నంజుకుంటున్నాను. మొదటి వారం ఆకలికి గోడలు తినాలనిపించింది. ఇప్పుడు అలవాటైంది. మధ్యాహ్నం నిద్ర కూడా ముంచుకు రావడం లేదు.

రోజూ పొద్దున్నే సుగుణ గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాస్తుంది. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు, ఇలా పోను పోను ఎక్కువైనట్టు. ముప్పై ఏళ్ళు బెల్లం పెనంలో పాకం రంగు చూసినవాణ్ణి కదా, నాకు ఆ వంట భలే నచ్చింది. కాని మూడు వారాలు గడిచినా ఇటుక రంగే!

"నాన్నా, బయట ఏమైనా తింటున్నావా?" అంది సుగుణ.

"లేదమ్మా."

"మిఠాయి?"

"లేదు."

"పోనీ అరటిపండు?"

"లేదంటే నమ్మవేం?"

నేను అబద్ధం చెప్పలేదు తమ్ముడూ. నిజంగానే ఏమీ తినలేదనుకున్నాను. ఇంట్లో అందరూ పనుల మీద వెళ్ళిపోతే నాకు తోచేది కాదు. సందు మొదట్లో ఒక శెట్టిగారి బెల్లం కొట్టు ఉంది. కుంటుకుంటూ అక్కడిదాకా వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకరోజు సుగుణ డ్యూటీ దిగి చింతపండుకని అక్కడికే వచ్చింది.

"రామ్మా, రా! మీ నాన్నగారు వచ్చాక నాకు బెల్లంలో మోసమన్నది లేదనుకో. నాలిక మీద వేసుకుని ఏ ఊరిదో, సున్నం ఎంత పడిందో చెప్పేస్తున్నారమ్మా! పొద్దున్నించీ పదిహేను దిమ్మలు చూశారు!" అన్నారు శెట్టిగారు.

అమ్మాయి నా వంక చూసింది. "ఏమీ తినలేదన్నావు?"

"తినలేదే! రుచి చూశానంతే."

"మింగావా, ఉమ్మేశావా?"

మింగాను తమ్ముడూ. ఇన్నేళ్ళూ అది పనే అనుకున్నాను గాని తిండి అనుకోలేదు.

సంగతి తెలిశాక శెట్టిగారు లబోదిబోమన్నారు. ఇప్పుడు నేను కనబడగానే దిమ్మల మీద గోనె కప్పేసి, "కూర్చోండి, కబుర్లు మాత్రమే" అంటారు. నాలుగు రోజులకు గొట్టంలో పసుపు వచ్చింది. తరవాత ఆకుపచ్చ. నిన్న నీలం! అయినా మాత్రలు మానకూడదట. చెప్పులు లేకుండా గుమ్మం దాటకూడదట. రోజూ పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి చూసుకోవాలట. కాస్త బలం వచ్చాక పొద్దునా సాయంత్రం కాలవ గట్టున నడవమన్నారు.

ఇక నీ సంగతి. మరదలు రాసిన కార్డు అందింది. నువ్వు బిందెలకు బిందెలు నీళ్ళు తాగుతున్నావని, చొక్కా వదులైందని, పెరట్లో నువ్వు ఒంటికి కూర్చున్న చోట చీమలు పడుతున్నాయని రాసింది. నాకూ ఇలాగే మొదలైంది. గురువారం మొదటి బస్సెక్కి రా. అమ్మాయి పరీక్ష చేస్తుంది. ఒక్క పూట పని.

గానుగ ఆడే రోజుల్లో పెనం వదిలి ఎలా రానంటావు, నాకు తెలుసు. రుచి చూడనిదే పాకం దించకూడదని నీకు నేర్పింది నేనే. అది అబద్ధం తమ్ముడూ. చన్నీళ్ళలో చుక్క వేస్తే ఉండ కట్టాలి, ఆ ఉండ గిన్నెకు కొడితే టంగుమనాలి, అంతే. మన నాన్న ఒక్కనాడూ నోట్లో వేసుకోలేదు, అమ్మనడుగు. నేనే మొదలుపెట్టాను. తియ్యగా ఉండేది, అదొకటి. నేను కళ్ళు మూసుకుని చప్పరిస్తుంటే రైతులందరూ మాట్లాడకుండా నా నోటి వంకే చూస్తూ నిలబడేవాళ్ళు. అది ఇంకా తియ్యగా ఉండేది. ఆ గొప్ప కోసం నీకు లేనిది ఉన్నట్టు నేర్పాను. నన్ను క్షమించు.

వచ్చేటప్పుడు పాదులో కాకరకాయలు నాలుగు కోసుకురా. బెల్లం తేవద్దు. బస్టాండులో నేను నిలబడి ఉంటాను, చెప్పులేసుకునే.

అమ్మకు నా వందనాలు. నా తల మీద చెయ్యి పెట్టినట్టు తలుచుకుని ప్రార్థన చేయమను. పాస్టరుగారికీ, పెద్దలందరికీ వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

పెనం దగ్గర మరదల్ని నిలబెట్టి రా. పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టు, చాలు. పాకం ఆమే దించుతుంది.

నీ మేలు కోరే అన్నయ్య,
దేవసహాయం