మేనల్లుడు అడగాల్సింది

9 ఫిబ్రవరి 2012, గురువారం

ఈరోజు సైన్యం ఆఫీసులో నాచేత టైప్ చేయించిన కాగితంలో నా తమ్ముడి పేరుంది. గులేద్, వయసు యాభై రెండు, గీస్కా సినిమా హాలును ఆక్రమించిన సాయుధ ముఠాకు నాయకుడు. ముఠా అన్నచోట వేలు ఆగింది. అయినా కొట్టాను. హాల్లో నలభై మంది, ముందు రోడ్డు మీద వాళ్ళ చెక్‌పోస్టు. 17వ తేదీ శుక్రవారం పొద్దున్నకల్లా ఖాళీ చెయ్యకపోతే సైన్యం ఖాళీ చేయిస్తుంది.

ముందు నడిచే కంపెనీకి కెప్టెన్ లిబాన్. నా కొడుకు.

కర్నల్ వర్ఫా సంతకం పెడుతూ, అనబ్, నీకు కష్టంగా ఉంటే ఇంకొకరిచేత టైప్ చేయించేవాణ్ణిగా అన్నాడు. అంతా అయ్యాక ఎందుకయ్యా ఈ మర్యాద అన్నాను. నవ్వాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

10 ఫిబ్రవరి

ఏమీ తోచలేదు. రెండుసార్లు అన్నం మాడ్చాను.

11 ఫిబ్రవరి, శనివారం

హమర్‌కి తిరిగొచ్చి ఐదు నెలలు. మ్యాపుల్లో దీన్ని మొగదిషు అంటారు, మేమెవరమూ అలా అనం. నైరోబీలో ఇరవయ్యేళ్ళు ఈ ఊరి గాలి కోసం ఏడ్చాను. తీరా వచ్చాక నా ఇంటికి నాలుగు వీధుల అవతలున్న గీస్కా వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆ హాలుకి పైకప్పు లేదు. తెర అంటే సున్నం కొట్టిన గోడ. సముద్రం వైపునుంచి గాలి వీస్తే చీరకట్టుకున్న హీరోయిన్ మాటలు సగం వీధిలోకి కొట్టుకుపోయేవి. హిందీ ఒక్క ముక్క రాదు ఎవరికీ, పాటలన్నీ మాత్రం అందరికీ వచ్చు. నాకు ఇరవై, టికెట్లు అమ్మేదాన్ని. గులేద్‌కి పదహారు, గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. సమతర్ అనే ఒక పొడుగాయన ఒకే సినిమాకి తొమ్మిదిసార్లొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి ఒక్క మాటా మాట్లాడడు, కూనిరాగం తీస్తాడు. పదోసారి గులేద్ అతన్ని టికెట్ లేకుండా లోపలికి తోసి, మా అక్కని చేసుకుంటావా లేక పాటలే పాడతావా అని అడిగాడట. ఐస్‌క్రీం లంచం తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఎంత బాగుండేదో. అప్పుడు ఎవరిది ఏ తెగో అడగడం సిగ్గు.

1991లో తెగలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నప్పుడు, నా భర్త సమతర్‌ని ఆ హాలు ముందే ఆపారు. ఏ తెగ అని అడిగారు. చెప్పాడు. ఆపింది నా పుట్టింటి తెగవాళ్ళు. గులేద్ పరిగెత్తుకొచ్చేసరికి ప్రాణం పోయింది. నేను పూడ్చేదాకా కూడా ఉండకుండా ఆరేళ్ళ లిబాన్‌ని ఎత్తుకుని వెళ్ళిపోయాను. తమ్ముడితో మళ్ళీ మాట్లాడలేదు.

12 ఫిబ్రవరి

కర్నల్ గదికి వెళ్ళి, తుపాకికి ముందు మాట పంపండి అన్నాను. మా పుట్టింటి తెగలో హిర్సి తాత మాట అందరూ వింటారు. తొంభై దాటాయి, చూపు లేదు. ఆయన్ని గౌరవంగా పిలిపించండి అన్నాను. కర్నల్ గడియారం చూసుకుని సరే అన్నాడు. రేపే.

13 ఫిబ్రవరి, సోమవారం

గౌరవంగా అన్నది నేనే. ఎలాగో చెప్పనందుకు నన్ను నేను తిట్టుకోవాలి.

ముసలాయనకి ఏ ప్రమాదమూ రాకూడదని కర్నల్ ఉక్కుబండి పంపాడు, ముందొకటి వెనకొకటి. వీధిలోవాళ్ళు చూసిందేమిటి? గుడ్డి తాతని సైనికులు రెండు చేతులూ పట్టుకుని ఇనప్పెట్టెలోకి ఎక్కించడం. అరెస్టు చేశారని కేక లేచింది. సినిమా హాలు గోడ మీంచి కాల్పులు. ఒక సైనికుడి భుజంలో గుండు దిగింది. బతుకుతాడు.

హిర్సి తాత మాత్రం ఆఫీసులో కూర్చుని నాతో, అమ్మాయ్, మా నాన్న ఒంటె మీద వెళ్ళినా ఇంత కుదుపు లేదే అన్నాడు. టీలో నాలుగు చెంచాల చక్కెర వేయించుకున్నాడు. కర్నల్ ఇక మాటల్లేవన్నాడు. శుక్రవారం అంటే శుక్రవారమే.

14 ఫిబ్రవరి

వెళ్ళాను. హల్వా పొట్లం ఒకటి పట్టుకుని, నడుచుకుంటూ.

చెక్‌పోస్టు దగ్గర కుర్రాళ్ళు నీది ఏ తెగ అని అడిగారు. మీ నాయకుడి ముక్కు తుడిచిన తెగ అన్నాను.

గులేద్ గడ్డానికి గోరింటాకు పెట్టుకున్నాడు. నన్ను చూసి లావయ్యావక్కా అన్నాడు. నీ చెవులు ఇంకా పెరిగాయి అన్నాను. ఇద్దరం ఏడ్చాం. టికెట్ కిటికీలో ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి.

వాడి మాట కూడా రాయాలి. ఈ వీధిలో నాలుగేళ్ళుగా ఒక్క ఆడపిల్లని ఎవరూ ఎత్తుకుపోలేదు అన్నాడు. ఆ యూనిఫాంలో ఉన్నదెవరక్కా, బట్ట మార్చినంతమాత్రాన మనిషి మారతాడా, మేం తుపాకులిచ్చేశాక వాళ్ళొచ్చి నీది ఏ తెగ అంటే ఏం చెప్పాలి అన్నాడు. సమతర్ చెప్పాడుగా, అదే చెప్పు అన్నాను.

తల దించుకున్నాడు. అలా అనకుండా ఉండాల్సింది. ఇరవై ఒక్కేళ్ళు దాచుకున్న మాట, ఆపుకోలేకపోయాను.

లేచేముందు చెప్పాను. రేపు నా కొడుకు మేనమామ చేతిపాలు తాగడానికి వస్తాడని. గులేద్ ముఖం మాడిపోయింది. అక్కా, అదొక్కటీ వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాడు. మా ఇళ్ళల్లో మేనల్లుడు మేనమామ చేతిపాలు తాగి ఏమడిగినా కాదనకూడదు. కాదన్నవాడి పక్కన పెళ్ళిలోనూ ఎవరూ కూర్చోరు, చావులోనూ కూర్చోరు. మేనల్లుణ్ణి గుమ్మంలోంచి పంపించేయడానికీ లేదు.

15 ఫిబ్రవరి, బుధవారం

లిబాన్‌కి ఇవేవీ తెలియవు, నైరోబీలో పెరిగినవాడు. తుపాకి లేకుండా శత్రువుల మధ్యకెళ్ళి పాలు తాగాలా, ఇదేం స్ట్రాటజీ అమ్మా అన్నాడు. ఉక్కుబండి కూడా మీవాళ్ళ స్ట్రాటజీయేగా అన్నాను. పదిసార్లు వల్లె వేయించాను. గిన్నె ఖాళీ చెయ్యి, మూతి తుడుచుకోకు, తుపాకులు అడుగు. ఒక్కటే అడగాలి, తుపాకులు.

నేను రోడ్డు మీద నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. గంటకి తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది గులేద్, ఒంటరిగా, చేతిలో ప్లాస్టిక్ సంచి.

లిబాన్ తుపాకులు అడగలేదట. మామా, నువ్వొచ్చి మా ఇంట్లో ఉండు అని అడిగాడట. గులేద్ బిత్తరపోయి ఎందుకురా అంటే, తుపాకులు మళ్ళీ దొరుకుతాయి, అమ్మకి ఇంకో తమ్ముడు దొరకడు అన్నాడట. శుక్రవారం ముందు నడవాల్సింది నేనే, నీ మీద కాల్పించలేను అని కూడా అన్నాడట.

గులేద్ మనుషులు ఒప్పుకోలేదు. మా నాయకుణ్ణి తీసుకెళ్తే బదులుగా నువ్విక్కడ ఉండు అన్నారు. లిబాన్ అక్కడే కూర్చుండిపోయాడు.

తమ్ముడొచ్చాడు. కొడుకు లోపలున్నాడు. దేవుడా, ఇది లాభమా నష్టమా?

16 ఫిబ్రవరి

కర్నల్ నా బల్ల మీద గుద్దాడు. నీ కొడుకు పారిపోయాడా, బందీయా, నేను పైకి ఏమని రాయాలి అని అరిచాడు. మేనమామ ఇంటికెళ్ళాడని రాయండి అన్నాను. డెడ్‌లైన్ మారదట.

ఇప్పుడేం చెయ్యాలని హిర్సి తాతని అడిగాను. కుర్చీలున్నాయా అన్నాడు.

17 ఫిబ్రవరి, శుక్రవారం. ఉదయం 5

గులేద్‌ని హాలు వైపు పరిగెత్తకుండా ఇంట్లో పెట్టి తాళం వేశాను. నవ్వుతూనే వేయించుకున్నాడు.

5.40

హిర్సి తాత రోడ్డు మధ్య కుర్చీలో ఉన్నాడు. పక్కన ఆరుగురు పెద్దలు, మూడు తెగలవాళ్ళు. వెనక మేం ఆడవాళ్ళం, పుట్టిల్లు ఒక తెగ, మెట్టిల్లు ఇంకో తెగ అయినవాళ్ళం. పాతికమంది ఉంటాం. వీధి మూలన సైన్యం బండ్ల చప్పుడు.

మధ్యాహ్నం

కాల్చలేదు. కాల్చలేదు. కాల్చలేదు.

బండ్లు మూల దగ్గర ఆగాయి. కర్నల్ బైనాక్యులర్స్‌లో చూశాడు. హాలు గోడ మీద నా కొడుకు, మేనమామ లుంగీ కట్టుకుని, తన యూనిఫాం చొక్కా ఉతికి ఆరేసుకుంటున్నాడు. కర్నల్ ఏదో బూతు తిట్టి బండి దిగాడు. బెల్టు తీసి డ్రైవర్‌కిచ్చి, నడుచుకుంటూ వచ్చి హిర్సి తాత ముందు నేల మీద కూర్చున్నాడు. తాత మొదటి గంటంతా కర్నల్‌చేత అతని తాతముత్తాతల పేర్లే చెప్పించాడు. తొందర మనిషి చెమటలు కక్కుతూ చెప్పాడు.

తేలింది ఇది. తుపాకులు ముందు పెద్దల చేతికి, పెద్దల చేతినుంచి సైన్యానికి. ఆ వీధికి కాపలా ఆ కుర్రాళ్ళే, పోలీసు చొక్కాల్లో, సగం మంది వేరే తెగలవాళ్ళతో కలిసి. వాళ్ళ అధికారి లిబాన్. చెక్‌పోస్టు వద్దు.

ఆఫీసులో అందరూ పెద్దల మాట గెలిచిందంటున్నారు. బండ్లు మూలన లేకపోతే ఆ నలభైమంది కదిలేవారా? కదలరు. మేం కుర్చీలు వేసుకోకపోతే బండ్లు ఆగేవా? ఆగవు. ఎవరికి చెప్పినా సగమే వింటున్నారు.

18 ఫిబ్రవరి

గులేద్ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి మనుషుల్లో ఒక్కడూ రాలేదు. అందరూ పోలీసు చొక్కాల కొలతలకి వెళ్ళారు.

19 ఫిబ్రవరి

ఇక నా మాట వినేదెవరక్కా అన్నాడు.

పాస్తా చల్లారిపోతోంది, ముందు తిను అన్నాను.

తిన్నాడు. సమతర్‌ని తను ఎక్కడ పూడ్చాడో అప్పుడు చెప్పాడు.