దుప్పటి అంచున నా వేళ్లు

వడ్రంగి పని మానుకుని చాలా కాలమైన నేను, ఒంట్లో నలతగా ఉన్నా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, నా కూతురికీ మహిళా ప్రార్థనా సేవాసంఘం వారికీ తెలియడానికి నా చేత్తో రాసుకున్న వీలునామా. ఇంతకుముందు ఏదీ రాయలేదు. ఇకమీదట రాసే ఓపిక లేదు.

1. నా తదనంతరం ఇల్లు, పెరడు నా కూతురికి సర్వహక్కులతో చెందవలెను. వీధి గది మాత్రం మినహాయింపు. ఈ వీలునామా అమలు జరిపించవలసినది కూడా అమ్మాయే. అల్లుడు సలహా ఇవ్వవచ్చును. ఎటూ ఇస్తాడు.

2. పనిముట్లు నా తమ్ముడి కొడుక్కి. చిన్న చిత్రిక ఎవరికీ ఎరువివ్వరాదు.

3. వీధి గది సంఘం వారికి. సంఘం పుట్టింది అందులోనే. మా ఆవిడా, ఆసుపత్రి నర్సమ్మా కలిసి మొదలుపెట్టారు. ఆడవాళ్లు నలుగురు చేరితే జనం నవ్వే రోజులవి. ఇంటింటా ఎసట్లో పోసే ముందు పిడికెడు గింజలు తీసి తెచ్చేవారు. ప్రార్థన చేసుకుని, దిక్కులేని బాలింతలకు పంచేవారు. మా ఇంట్లో ఆ పిడికెడు నా కంచంలోదేనని నా అనుమానం. అడిగితే మా ఆవిడ, "మీ పొట్టకేం తక్కువైందండీ" అనేది. తక్కువైంది పొట్టకు కాదు. సంఘం ఉన్న పూట ఆవిడ నాకు దక్కేది కాదు. లేని పూట నర్సమ్మ కబుర్లే.

4. గదిలోని బెంచీలు కూడా సంఘానివే. వారి చరిత్ర పుస్తకంలో "బెంచీలు ఒక దాత ఇచ్చారు" అని అచ్చువేశారు. మళ్లీ వేస్తే "అధ్యక్షురాలి భర్త చేశాడు" అని వేయవలెను. పుస్తకం నిండా నర్సమ్మే ఉంది. నాకు ఒక్క ముక్క చాలు.

5. మొదటి సభనాటి ఫోటో అమ్మాయికే. కొత్త హాల్లో పెట్టడానికి సంఘం వారు కాపీ తీసుకోవచ్చును గాని అంచులు కత్తిరించరాదు. గోడ బాగాలేదని ఆ రోజు వెనక దుప్పటి కట్టాం. ఒక కొస మేకుకు, ఒక కొస నా చేతికి. కుడి అంచున కనబడే వేళ్లు నావి.

అందరూ బిగుసుకుని కూర్చుంటే మా ఆవిడ ఒక్కతే నవ్వుతోంది. పక్కనున్న నర్సమ్మ ఏదో అంటే నవ్విందని సంఘంలో చెప్పుకుంటారు. దుప్పటి చాటు నుంచి "చెయ్యి పడిపోతోంది, త్వరగా కానివ్వండి" అన్నది నేను. అందుకే నవ్విందని నా నమ్మకం. ఆవిడ ఉన్నన్నాళ్లూ అడగలేదు, నర్సమ్మ పేరు చెబుతుందేమోనని. ఈ సంగతి ఫోటో కింద రాయవలెను. ఆనాటివారిలో మిగిలింది నర్సమ్మ ఒక్కతే. కాదని ఆమె అంటే రాయనక్కర్లేదు. గది మాత్రం ఇవ్వండి.

6. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తి రాస్తే చిక్కులొస్తాయని దస్తావేజు లేఖరి చెప్పాడు. అందుకే నర్సమ్మను సాక్షిగా పిలిచాను. ఆమెకు ఏమీ రాయడం లేదు. మా ఆవిడ శాలువా అమ్మాయి తనంతట తాను ఆమెకిస్తే అది అమ్మాయి ఇష్టం. చలి ముదరక ముందే ఇస్తే మంచిది.

నవంబరు నాలుగో తేదీ, శుక్రవారం, వీధి గదిలో కూర్చుని చేసిన సంతకం:
వడ్రంగి

సాక్షులు:
1. దస్తావేజు లేఖరి.
2. ఆసుపత్రి నర్సు. అంతా చదివి సంతకం చేశాను. ఆ రోజు నాకు పంటినొప్పి, నోరే తెరవలేదు. ఫోటోలో నా దవడ వాపు చూడండి. ఇన్నేళ్లూ అన్నయ్యగారు నా పక్కనున్న మనిషినే చూసినట్టున్నారు.