అడుగులేని కూజా

బంగారంలాంటి మా అర్కిప్ప అక్కకి,

నువ్వు పంపిన ఎండు అంజూరాలు అందాయి. సగం పడవవాడే మేసినట్టున్నాడు.

ఒక మాట చెప్తాను, నవ్వకు. మా ఆయన జోపిరోస్ నన్ను చంపేశాడు. బొమ్మలోనేలే. రూబి ఊళ్ళో దాజిమ అనే పిల్ల పోతే, సమాధిలో పెట్టడానికి ఈయన్ని పెద్ద కూజా చేసి బొమ్మ వెయ్యమన్నారు. మా తరాస్ ఊరి కూజా బొమ్మల పద్ధతి నీకు తెలుసుగా, బతికున్నవాళ్ళకి మట్టి ఎరుపు, పోయినవాళ్ళకి తెలుపు. ఆ పిల్లని ఈయన ఎప్పుడూ చూడలేదు. కూజా మీద చిన్న గుడి గీసి, అందులో తెల్లగా నన్ను కూర్చోబెట్టాడు!

"నేనింకా బతికే ఉన్నాను కదయ్యా!" అన్నాను.

"నా చేతికి నీ మొహం ఒక్కటే వచ్చు, ఏం చెయ్యమంటావే? అందంగానే వేశాగా!" అని నవ్వాడు.

అప్పట్నుంచి నాకు ఎండలో కూడా చలి. బుగ్గలు పాలిపోయాయి. పక్కింటి కుక్క నన్ను చూస్తే మొరగడం మానేసి మూలకి నక్కుతోంది. పున్నమికి ఆ పిల్ల తల్లి వస్తుంది. ఈలోపే కూజా పగలగొట్టి నీ దగ్గరికి వచ్చేస్తాను. పడవ పంపు. నాకు చావాలని లేదక్కా.

నీ చేతుల్లో పెరిగిన
ఫిలిన్న

*

అక్కా,

పడవ పంపకు.

రోకలి పట్టుకుని కొట్లోకి వెళ్ళేసరికి ఆ తల్లి ముందే వచ్చేసింది. కూజా ముందు చతికిలబడి, "ఎండలో తిరగొద్దంటే విన్నావుటే? చూడు, ఎలా చిక్కిపోయావో!" అని బొమ్మని తిడుతోంది. తిడుతూనే ఆ తెల్ల బుగ్గ నిమిరింది. ఆ వేళ్ళు నా బుగ్గమీద తెలిశాయి, గరుగ్గా, వెచ్చగా. నన్ను కంటూనే అమ్మ కన్నుమూసింది. నువ్వెంత గారంగా పెంచినా అమ్మ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలీదు. రోకలి కింద పెట్టేశాను.

కూజా తీసుకుని జోపిరోస్ ఆవిడతో రూబికి వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం నేను చేపలు కడుగుతుంటే నోటినిండా తియ్యటి ద్రాక్షసారా నిండింది. గుటక వేశాను. "ఇంకొంచెం తాగు తల్లీ" అని ఎవరో అన్నారు. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన తిరిగొచ్చి చెప్పాడు, సరిగ్గా అప్పుడే సమాధిలో కూజా పెట్టి సారా పోశారట. సమాధి కూజాకి అడుగుండదు కదా, పోసిందంతా నేలలోకి దిగిపోయిందట.

భయమా అంటే భయమే. ఆయన ఇప్పుడు నా మొహంలోకి చూడడు. కానీ ఆ తల్లి ఏటేటా సమాధికి వచ్చి సారా పోస్తానని మొక్కుకుందట. పాపం, తాగేవాళ్ళు లేకపోతే అదంతా మట్టిపాలేగా.

నువ్వు పెంచిన ప్రాణం, క్షమించు. నేను ఆ అమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

నీ
ఫిలిన్న