జేబులో రెండు కిలోలు

అక్కకి తమ్ముడు దణ్ణం పెట్టి రాసేది. నేనిక్కడ క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈసారి రాయను, ఒళ్లు మండిపోతోంది. నువ్వూ, బావా, బావకంటే ముందు గుమ్మం దాటే ఆయన బొజ్జా బావుంటే చాలు.

"మాత్రలు వేసుకుంటున్నావా, తింటున్నావా, బరువెంత?" అని అడిగావు. హెచ్‌ఐవి మాత్రలు ఒక్క పూటా తప్పలేదు. తిండే సయించట్లేదు. నోరంతా పుళ్లు, ముద్ద మింగితే ముళ్లకంప మింగినట్టే. బరువు సంగతి చివర్లో చెబుతా.

మా టైలర్ పోయాడక్కా. ఆసుపత్రి వరసలో నెలనెలా నా వెనకే నిలబడేవాడే, వాడు. మాత్రలు వాడూ మానలేదు. ఒంట్లో కండ లేదు, చిన్న జ్వరానికే పోయాడు. "మందొక్కటే బతికించదయ్యా, దాన్ని మోసే ఒళ్లుండాలి" అని నర్సమ్మ మొత్తుకునేది. నేను ఆవిడ గొంతుతోనే ఆ మాట అంటుంటే వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నిన్న వాడి భార్య మా తక్కెళ్ల రిపేరు షాపుకొచ్చింది. వాడి ప్యాంటు బల్లమీద పడేస్తే ఠంగుమంది. లోపలి జేబుల్లో రెండు ఇత్తడి తూకపు రాళ్లు, ఒక్కోటి కిలో.

"ఇవి మీవేనా అన్నయ్యా?"

"నావేనమ్మా."

"నవ్వండి మరి. ఆయన్ని బాగానే నవ్వించారుగా!"

తూకం ఎక్కేముందు జేబుల్లో రాళ్లు వేసుకునే ఉపాయం నాదే అక్కా. బరువు తగ్గితే ఆసుపత్రిలో పడుకోబెడతారు, పని పోతుందని నేనే మొదలెట్టా. వాడు ఇద్దరికీ దొంగ జేబులు కుట్టాడు. చీటీలో బరువు తగ్గలేదు కాబట్టి, చిక్కిపోయినవాళ్లకిచ్చే బలం పొడి ప్యాకెట్లు ఇద్దరికీ రాలేదు. నర్సమ్మని బోల్తా కొట్టించామని చంకలు గుద్దుకున్నాం, వెధవలం! ఊళ్లో వాళ్లందరి తక్కెళ్లూ సరిచేసే చేతులివి. చెప్పుతో కొట్టాలి నన్ను.

ఇవాళ ఖాళీ జేబులతో తూకం ఎక్కా.

"ఏమయ్యా, పోయిన నెల నలభై ఆరు కదా?" అంది నర్సమ్మ.

"రెండు కిలోలు ఇత్తడమ్మా. ఇంకో రెండు నిజంగానే పోయాయి."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మంచమ్మీద కూర్చోబెట్టింది. అక్కణ్ణించే రాస్తున్నా. గంటకోసారి పొడి కలిపిన పాలు చెంచాతో పడుతున్నారు. నోరు మండుతోంది. కక్షగట్టినట్టు మింగుతున్నా.

శభాష్ అని రాయకు. వచ్చి తిట్టు.

ఇట్లు,
రాళ్లు తీసేస్తే నలభై రెండు కిలోలున్న
నీ తమ్ముడు