వావిలి కుండీలో చేపల నీళ్లు

తమ్ముడూ, లేవగానే ముక్కుకి గుడ్డ కట్టుకుని దొడ్లో వావిలి కుండీ బోర్లించు. ఆ మట్టంతా గోతిలో పూడ్చెయ్. చేపలు కడిగిన నీళ్లు పోస్తే చెట్టు ఏపుగా పెరుగుతుందని నీకే మహానుభావుడు చెప్పాడురా? వారం నుంచి పోస్తున్నావట! మట్టి కదిపితే లుకలుకమంటూ పురుగులు, ఛీ! ఆ కంపుకి గోడ మీది బల్లి పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని పక్కింటికి కాపురం మార్చేసింది.

వేర్లు కుళ్లాయి గానీ పైకొమ్మలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. జానెడేసి ముక్కలు నాలుగు కోసి తడి ఇసుకలో గుచ్చు, బతుకుతాయి. నాన్న మోకాళ్లకి మాత్రం ఆ ఆకు వాడకు. కాలవ గట్టున వావిలి పొదలున్నాయి, నీలం పూల గుత్తులు చూసి గుర్తుపట్టు. ఆ ఆకు మరిగించి కాపడం పెట్టు. అది లేకపోతే ఆయన మంచం దిగలేడు, తెలుసుగా. నేను మిల్లు నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది.

నిన్న నేను కుండీలో ఆకుతో కాపడం పెడితే నాన్న ఆ కంపుకి కక్కుకున్నాడు. అయినా "వాణ్ణేమీ అనకే. రేపు వాణ్ణే పెట్టమను, వాడి చెయ్యి మెత్తన" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నాకే ఆయన్ని ముట్టుకో.