జయరామప్ప బావ వికెట్టు

బళేపేట, బెంగళూరు
1946, ఉగాది వెళ్లిన రెండోనాడు

నన్ను చంకన వేసుకుని పెంచిన సొన్నమ్మక్కకు, పిల్లప్ప ప్రేమతో మొక్కి రాసేది.

నిన్నటి పందెంలో బావ నా బంతికి అవుటయ్యాడు. ఆ మాట ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. పేట టీములో నా చోటు నిలిచింది. అయినా నా మనసు మనసులో లేదు. అందుకే దుకాణం తెరవకముందే కలం పట్టాను.

పోయిన ఏడు మీ దొడ్డబళ్ళాపురం టీముతో ఆడినప్పుడు బావ నా బంతులన్నీ మైదానం గోడ దాటించాడు కదా. ఈసారీ వికెట్టు పడకపోతే నీళ్లు అందించే పనే నాకు మిగులుతుందన్నాడు మా కెప్టెను చెన్నరాయప్ప. సిగ్గుతో చచ్చి, కంటోన్మెంటుకు వెళ్లి ఆట నేర్పే ఒక కోచిని పట్టుకున్నాను. ఆయన పక్కన నిలబడి నా భుజం సర్దాడు, చెయ్యి సర్దాడు, ఇక వంక పెట్టడానికేమీ లేదన్నాడు. అయినా అందరూ నన్ను ఉతికి ఆరేసేవారే.

మాఘంలో మీ ఇంటికి వచ్చినప్పుడు నేను సరిగా తినలేదని నువ్వు బాధపడ్డావు, గుర్తుందా? ఆ సాయంత్రమే బావ నన్ను పెరట్లోకి పిలిచాడు.

"నీ ముందర బ్యాటు పట్టుకోని నిలబడేవానికి కదరా నీ మొగం కనబడేది! మెల్లగా తిరిగే బంతి వేసేముందు నీ నాలుక బైటికొచ్చి కూర్చుంటాది. ఆ కోచి పాపం, నీ చెయ్యి చూస్తా ఉండాడు. బుగ్గలో వక్క పెట్టుకోని, నోరు మూసుకోని వెయ్యప్పా!"

ఎప్పుడూ నన్ను ఏడిపించే బావ, ఎదుటి టీమువాడై ఉండి కూడా ఆ గుట్టు చెప్పాడక్కా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిన్న అందరికీ వక్కతోనే వేశాను. బావ రాగానే ఉమ్మేశాను. కావాలనే నాలుక బయటపెట్టి, మెల్లటి బంతికి బదులు వేగంగా విసిరాను. నడిమి కర్ర ఎగిరిపోయింది. బావ నవ్వుతూ నా వీపు తట్టి వెళ్లాడు. ఆ నవ్వే నన్ను తినేస్తోంది. "బామ్మర్ది కోసరం ఇడిసిపెట్టినాడప్పా" అంటున్నారు పేటలో. ఆయన దయతలచి ఇచ్చిన వికెట్టయితే నాకు వద్దు. నిజం చెప్పు. నీ దగ్గర ఆయన ఏదీ దాచలేడు.

నీ తమ్ముడు
పిల్లప్ప

దొడ్డబళ్ళాపురం

నా బంగారు తమ్ముడు పిల్లప్పకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. నీ ముందర నవ్వారా ఆయన? ఇంటికి వచ్చాక మొహం ముడుచుకుని కూర్చున్నారు. పండుగనాటి ఒబ్బట్లు నెయ్యి వేసి పెడితే కంచం పక్కకు జరిపారు. ఏమయిందని అడిగితే, "బంతి పడే చోట చాప సరిగ్గా పరచలేదు" అన్నారు. పొద్దున మగ్గం చప్పుడు వినబడలేదేమని వెళ్లి చూశాను. చీర సగంలోనే ఉంది. ఈయన గొడుగు తిరగేసి పట్టుకుని నీ బంతి ఆడుతున్నారు! "నాలుక బైటికొచ్చింది, నా కండ్లతో చూసినా!" అని గోడతో చెప్పుకుంటున్నారు. వికెట్టు ఊరికే ఇచ్చినవాళ్లు ఇట్లా ఉంటారట్రా?

పలక మీద దిద్దేటప్పుడూ నీ నాలుక అట్లాగే బయట ఉండేది. ఇన్నాళ్లకు అది అక్కరకొచ్చింది, నాకు ఎంత సంతోషంగా ఉందో.

ఆదివారం బంతి తీసుకుని రా. ఆ బంతిని ఎట్లా ఆడాలో ఆయనకు నువ్వే నేర్పాలి. తాను అడిగినట్టు మాత్రం రాయవద్దని మరీ మరీ చెప్పారు.

నీ అక్క
సొన్నమ్మ