కుప్పం వస్తే లేపు

అమ్మకు రాణి దండం పెట్టి రాసేది. ఇక్కడ పుంగనూరులో మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ బాగుండాలని మొక్కుకుంటున్నాను. ఫోనులో గొంతు చించుకున్నా నీకు సగమే వినబడుతుంది, అందుకే ఉత్తరం.

ఉలవలు అందాయి. అల్లుణ్ణి మదనపల్లె డాక్టరుకు చూపిస్తున్నావా అని అడిగావు. చూపిస్తున్నాను. మాత్రలతో నిద్రపడుతోంది గానీ మొన్నటిదాకా మాటే రాలేదు. మిలిటరీ నుంచి వచ్చినప్పటి నుంచి ఎక్కడ టపాకాయ పేలినా మంచం కిందికి దూరే మనిషి, నీకు తెలియనిదేముంది.

ఈసారి భారతం ఉత్సవాలకు వీధినాటకం నేర్పే పాపన్న ఈయనకు అర్జునుడి వేషం ఇచ్చాడు. మాట్లాడని మనిషికి పద్యాలేమిటని నవ్వాను. పాపన్న కూడా ఒకప్పుడు మిలిటరీలో చేసినవాడే. యుద్ధం చూసొచ్చిన వాళ్లనే వెతికి వేషాలిస్తాడు.

మొన్న మధ్యాహ్నం పందిట్లో ప్రాక్టీసు చూడటానికి నేనూ వెళ్లాను. అభిమన్యుడు చచ్చి పడి ఉన్నాడు. అర్జునుడు ఏడవాలి. ఈయన బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"పద్యం వద్దులేప్పా. పడిపోయినోనికి నువ్వేం సెప్పాలనుకుంటే అది సెప్పు," అన్నాడు పాపన్న.

ఈయన కూలబడి ఆ వేషగాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. "మురళీ, లేయప్పా. కుప్పం వచ్చేసినాది," అన్నాడు. ఇంటికొచ్చాక నాకు అంతా చెప్పాడు.

అమ్మా, తమ్ముడు మురళి గుండు తగిలిన వెంటనే పోయాడని, నొప్పి తెలియలేదని ఆఫీసర్లు చెప్పిన మాట పట్టుకునే ఇన్నాళ్లూ బతికావు. రాయాలా వద్దా అని ఎన్ని కాగితాలు చించానో. అది నిజం కాదమ్మా. తెల్లారేదాకా ఆ మంచుకొండ మీద వాడు బావ ఒళ్లోనే ఉన్నాడు. సెలవుకు రైల్లో వస్తున్నామనుకున్నాడట. "నిద్దరొస్తాండాది బావా, కుప్పం వస్తే లేపు," అన్నాడట. పడుకో, లేపుతాలే అని ఈయన మాటిచ్చాడు.

అల్లుడు నా గడప తొక్కడు, నామీద ఏం కోపమని పోయిన ఉత్తరంలో అడిగావు. కోపం కాదు. ఒక్కడే దిగి వచ్చి నీ ముఖం ఎలా చూడాలో తెలియక.

శుక్రవారం వస్తున్నాం. వి.కోట మీదుగా బస్సులో సులువే కానీ, రైల్లోనే పోదామంటున్నాడు. బంగారుపేటలో ఎక్కుతాం. ముగ్గురికి టికెట్లు తీయమన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

నువ్వు కుప్పం స్టేషనుకు రా. రైలు ఆగాక ఈయన ఖాళీ సీటు మీదికి వంగి లేపుతుంటే కంగారుపడకు. వాడు దిగేదాకా కాస్త ఆగు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
రాణి